యాభై ఏళ్లు ఇటలీని ఏలిన పార్టీ ఏమైపోయింది? నడిపించింది పోపేనా?

బ్రెంతా_ఒడ్డున
పాదోవాలో ఎమ్మెస్సీ చేస్తున్నాను, ఇది రెండో ఏడాది. నేను అద్దెకుండే ఇంటావిడకి 82 ఏళ్లు. రోజూ పొద్దున్నే గుడికి వెళ్లి పూజ విని వస్తుంది. వంటింట్లో మరియమ్మ పటం పక్కనే పత్రికలోంచి కత్తిరించిన ఒక ఫొటో ఉంది. దేవుడి మనిషేమో అనుకున్నా. అడిగితే ఆల్దో మోరో అని చెప్పింది, ప్రధానమంత్రిగా చేసినాయన. "మా ఇంట్లో అందరం డీచీ" అంటుంది. డీసీని ఇక్కడ అలా పలుకుతారు, క్రిస్టియన్ డెమోక్రసీ పార్టీ. మరి ఇప్పుడు ఎవరికి వేస్తారంటే చెయ్యి ఊపేసి కాఫీ పెట్టడానికి లేచిపోతుంది.

మొన్న క్లాసులో ఒకతను ఇటలీ అంటే వాటికన్ నడిపే దేశం అని తేల్చేశాడు. అంత తేలిక కాదనిపించింది కానీ ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. తెలుగులో వెతికితే మాఫియా, పిజ్జా, ఫుట్‌బాల్ తప్ప ఇంకేం దొరకలేదు. యుద్ధం అయిపోయిన దగ్గర్నుంచి 1994 దాకా ప్రతి ప్రభుత్వంలోనూ ఉన్న పార్టీ ఒక్కసారిగా ఎలా మాయమైంది? పోపు చెప్పినట్టే నడిచిందా? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

ఎర్రమందారం
మీ క్లాస్‌మేట్ చెప్పింది చాలావరకు నిజమే. 1948 ఏప్రిల్ 18 ఎన్నికలు చూడండి. ఊరూరా ఫాదర్లు ప్రచారం చేశారు. లుయీజీ జెద్దా అనే ఆయన కాథలిక్ యాక్షన్ అనే భక్తుల సంఘం మనుషులతో "సివిక్ కమిటీలు" పెట్టి విచారణ విచారణకీ (ఒక ఫాదరు కింద ఉండే గుడి పరిధిని విచారణ అంటారు) ఓట్లు లెక్కగట్టారు. "పోలింగ్ బూత్‌లో నిన్ను దేవుడు చూస్తాడు, స్టాలిన్ చూడడు" అన్న పోస్టర్ అప్పటిదే. ఇంకోపక్క కమ్యూనిస్టులు గెలిస్తే సాయం ఆపేస్తామని అమెరికా బహిరంగంగా చెప్పింది. డీసీకి 48.5 శాతం, కమ్యూనిస్టులు, సోషలిస్టులు కలిసిన ఫ్రంట్‌కి 31 శాతం. ఏడాది దాటిన కొద్ది నెలలకే, 1949 జూలైలో, కమ్యూనిస్టులకి వెలి వేస్తూ వాటికన్ ఆజ్ఞ. దీన్ని ఇంకేమనాలి?

చలికోటు
ఆ పోస్టర్ రాసినవాడికి మాత్రం దండం పెట్టాలి. 😀

పాతపేపర్లు
ఎర్రమందారం గారు చెప్పిన వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ కథ 1948లో మొదలుపెడితే తలకిందులుగా కనిపిస్తుంది. కొంచెం వెనక్కి వెళ్దాం, ఓపిక పట్టండి. నలభై ఏళ్లు ఈ పాఠం చెప్పినవాణ్ణి, చిన్నగా చెప్పడం నాకు రాదు.

1870 సెప్టెంబర్ 20న ఇటలీ సైన్యం రోమ్‌లోకి ప్రవేశించింది. పోపుల రాజ్యం పోయింది. అప్పటి పోపు తొమ్మిదో పయస్ "నేను వాటికన్‌లో ఖైదీని" అని ప్రకటించుకుని కొత్త దేశాన్ని గుర్తించనన్నారు. కాథలిక్కులు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయకూడదు, నిలబడకూడదు. ఇది చర్చి పెట్టిన నిషేధం. అంటే మొదటి నలభై ఏళ్లు ఇటలీ రాజకీయాల్లో కాథలిక్ ప్రభావం అంటే ఏమిటి? బహిష్కరణ! నిషేధం 1904 తర్వాత నెమ్మదిగా సడలింది. 1913లో జెంతిలోని అనే కౌంటు లిబరల్ అభ్యర్థులతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. మీరు మా ఏడు షరతులు ఒప్పుకోండి, కాథలిక్ ఓట్లు మీకు వేయిస్తాం అని. 1919లో నిషేధం పూర్తిగా ఎత్తేశారు.

అదే 1919 జనవరి 18న సిసిలీలోని కల్తాజిరోనే ఊరి ఫాదరు లుయీజీ స్తుర్జో పార్టీ పెట్టాడు, ఇటాలియన్ పీపుల్స్ పార్టీ. ఆయన పట్టుబట్టిన విషయం ఒకటుంది: ఇది కాథలిక్కుల పార్టీయే, చర్చి పార్టీ కాదు. పార్టీ పేరులో "కాథలిక్" అన్న మాటే పెట్టలేదు. మొదటి ఎన్నికల్లోనే 100 సీట్లు. తర్వాత ఏమైంది? ముస్సోలినీ వచ్చాడు. ముస్సోలినీతో రాజీకి చర్చికి ఈ పార్టీ అడ్డమైంది. వాటికన్ ఒత్తిడి మీద స్తుర్జో 1923లో పార్టీ పదవి వదిలేశాడు, 1924లో దేశం వదిలి లండన్ వెళ్లిపోయాడు. తిరిగి ఇటలీలో అడుగుపెట్టింది 1946లో. 1929లో వాటికన్‌ని స్వతంత్ర రాజ్యంగా గుర్తిస్తూ చర్చికీ ముస్సోలినీకీ లాతెరాన్ ఒప్పందం.

మొట్టమొదటి కాథలిక్ పార్టీని నడిసముద్రంలో వదిలేసింది చర్చే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

సివిల్స్_విద్యార్థి
మాస్టారూ, మరి 1948లో ఉన్నది ఇదే పార్టీనా, వేరేదా?

పాతపేపర్లు
వేరే పేరు, చాలావరకు ఆ మనుషులే. స్తుర్జో తర్వాత పార్టీని చూసినవాడు ఆల్చిదె దె గాస్పెరి. ఈయన జీవితం విచిత్రం. పుట్టింది ఇటలీలో కాదు, ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉన్న త్రెంతీనోలో. 1911లో వియన్నా పార్లమెంటు సభ్యుడు. తర్వాత ఆ ప్రాంతం ఇటలీకి వచ్చింది, రోమ్ పార్లమెంటుకి వెళ్లాడు. 1927లో ఫాసిస్టులు జైల్లో పెట్టారు. బయటికొస్తే ఎవరూ పని ఇవ్వలేదు. 1929లో వాటికన్ లైబ్రరీలో చిన్న ఉద్యోగం దొరికింది. పుస్తకాల కేటలాగు రాసుకుంటూ యుద్ధం దాకా బతికాడు. 1942-43లో పాత మిత్రులు, కొత్త కుర్రాళ్లు కలిసి రహస్యంగా పెట్టుకున్నదే డీసీ. 1945 డిసెంబరు నుంచి 1953 వేసవి దాకా ఆయనే ప్రధాని.

ఎర్రమందారం
వాటికన్ జీతం తిన్నవాడు వాటికన్ మాట వినకుండా ఉంటాడా మాస్టారూ?

పాతపేపర్లు
వినలేదు, అదే చెప్పబోతున్నా. 1948లో ఆయనకి 574లో 305 సీట్లొచ్చాయి. ఒంటరిగా పాలించొచ్చు. అయినా లిబరల్స్‌నీ, రిపబ్లికన్లనీ, సోషల్ డెమోక్రాట్లనీ పిలిచి మంత్రి పదవులిచ్చాడు. వీళ్లలో చాలామంది చర్చి పెత్తనం అంటే గిట్టనివాళ్లు. కావాలనే పిలిచాడు, ఇది పూజారుల ప్రభుత్వం అనిపించుకోకూడదని.

1952లో రోమ్ నగర ఎన్నికలు. కమ్యూనిస్టులు గెలుస్తారేమోనని పన్నెండో పయస్‌కి భయం పట్టుకుంది. రాచరికవాదులు, నయా ఫాసిస్టులతో కలిసి ఒకే జాబితా పెట్టమని ఒత్తిడి వచ్చింది. దాని ముందు ఎవరి పేరు పెట్టారో తెలుసా? ముసలి స్తుర్జో పేరు. దె గాస్పెరి కుదరదన్నాడు. తనని జైల్లో పెట్టినవాళ్ల వారసులతో చేతులు కలపనన్నాడు. ఎన్నిక గెలిచాడు కూడా. కొద్ది రోజులకే ఆయన పెళ్లయి 30 ఏళ్లు నిండాయి, కూతురు సన్యాసినిగా ప్రమాణం చేస్తోంది, కుటుంబంతో వచ్చి దర్శనం చేసుకుంటామని పోపుని అడిగాడు. పోపు కాదన్నారు. క్రైస్తవుడిగా ఈ అవమానం భరిస్తాను కానీ ఇటలీ ప్రధానిగా నాకు సంజాయిషీ కావాలి అన్న అర్థంలో వాటికన్‌కి రాసి పంపాడు.

రోజూ పూజకి వెళ్లే మనిషి. ఎంత నలిగిపోయి ఉంటాడో ఊహించుకుంటేనే నాకు బాధేస్తుంది.

ఏలూరు_కాలువ
ఈ కథ మాకెవరూ చెప్పలేదు మాస్టారూ. నేను ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్. మా తాతల నాటి నుంచి ఇటలీ ఫాదర్లతోనే మా ఊళ్లకి సంబంధం. మిలాన్ నుంచి పీమే సంస్థ వాళ్లు 19వ శతాబ్దంలోనే హైదరాబాద్ వచ్చారు, అక్కణ్ణుంచి కృష్ణా, ఖమ్మం, వరంగల్ వైపు విస్తరించారు. బడులు, ఆసుపత్రులు పెట్టారు. మా నానమ్మ వాళ్ల ఇటాలియన్ యాసలో తెలుగు భలే అనుకరించేది. కానీ వాళ్ల దేశంలో కాథలిక్కులకీ పోపుకీ మధ్య ఇంత గొడవ జరిగిందని ఊహించలేదు.

ఒకటి అడగాలి. 1891లో పదమూడో లియో పోపు కార్మికుల గురించి రాసిన లేఖ "రేరుం నోవారుం" మా ఉపదేశం క్లాసుల్లో గొప్పగా చెబుతారు. న్యాయమైన జీతం, సంఘాలు పెట్టుకునే హక్కు అని. డీసీ అది పాటించిందా, పేరుకేనా?

పాతపేపర్లు
కొంత గట్టిగానే పాటించింది. ఇటలీ రాజ్యాంగం మొదటి వాక్యం చదవండి, "ఇటలీ శ్రమ పునాదిగా ఏర్పడిన ప్రజాస్వామ్య గణతంత్రం" అన్న అర్థం. ఆ మాటల కూర్పు డీసీ మనిషి ఫన్‌ఫానీది. కమ్యూనిస్టులు "కార్మికుల గణతంత్రం" అని పెట్టమన్నారు, అది నెగ్గలేదు, దీనికి అందరూ ఒప్పుకున్నారు. 1949లో కార్మికుల ఇళ్ల పథకం ఆయన మంత్రిగా తెచ్చిందే. 1950లో దక్షిణాది పెద్ద భూస్వాముల భూములు తీసి రైతులకి పంచే చట్టాలు, అదే ఏడాది దక్షిణాది అభివృద్ధికి ప్రత్యేక నిధి.

ఎర్రమందారం గారికి ఇంకో మాట. ముస్సోలినీ కుదిర్చిన లాతెరాన్ ఒప్పందాన్ని కొత్త రాజ్యాంగంలోకి తెచ్చిన 7వ అధికరణకి ఎవరు ఓటేశారు? 1947 మార్చిలో తోలియాత్తి నాయకత్వంలో కమ్యూనిస్టులు కూడా! సోషలిస్టులు వ్యతిరేకించారు. 350కి 149.

ఎర్రమందారం
అది నాకు తెలుసు, మా వాళ్లలో దాని మీద ఇప్పటికీ వాదన ఉంది. రైతులు, ఆడవాళ్లు చర్చికి దూరం కాలేరు, మతం పేరుతో దేశాన్ని చీల్చొద్దని తోలియాత్తి లెక్క. నేనైతే తప్పే అంటాను.

దె గాస్పెరి విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటున్నా. ఆయన తర్వాత సంగతి చెప్పండి మరి. పలెర్మో గురించి ఎవరూ మాట్లాడరేం? సాల్వో లిమా, వీతో చాంచిమీనో ఇద్దరూ డీసీ వాళ్లే, ఇద్దరూ పలెర్మో మేయర్లు. తోటలు, పాత భవనాలు కొట్టేసి కాంక్రీటు నింపారు. దాన్ని అక్కడివాళ్లు "పలెర్మో దోపిడీ" అంటారు. చాంచిమీనోకి మాఫియా కేసులో శిక్ష పడింది. లిమాని 1992 మార్చిలో మాఫియాయే కాల్చి చంపింది. లిమా ఎవరి మనిషి? ఏడుసార్లు ప్రధాని అయిన అంద్రెయోత్తి మనిషి. అంద్రెయోత్తికి మాఫియాతో 1980 దాకా ఉన్న సంబంధం నేరమేనని, కాకపోతే కాలదోషం పట్టిందని పలెర్మో అప్పీలు కోర్టు తేల్చింది, 2004లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. పూజలు, ఉపవాసాలు చేసే పార్టీ ఇది.

చలికోటు
ఇటలీలో పాత జోకు ఒకటుంది. దె గాస్పెరి, అంద్రెయోత్తి కలిసి గుడికెళ్తే ఒకాయన దేవుడితో మాట్లాడేవాడట, రెండో ఆయన ఫాదరుతో మాట్లాడేవాడట. ఎందుకంటే ఓటు హక్కు ఉన్నది ఫాదరుకే కదా.

మిలానో_మెట్రో
ఎర్రమందారం అన్నా, సిసిలీ డీసీ అంటే లిమా ఒక్కడే కాదు. పియెర్సాంతి మత్తరెల్లా కూడా డీసీయే. సిసిలీ ప్రాంత ముఖ్యమంత్రిలాంటి పదవిలో ఉండి కాంట్రాక్టులు శుభ్రం చేయడం మొదలుపెట్టాడు. 1980 జనవరి 6, పండగ రోజు, కుటుంబంతో పూజకి బయల్దేరి కారులో కూర్చోగానే కాల్చేశారు. ఆయన్ని కారులోంచి బయటికి లాగిన తమ్ముడు లా ప్రొఫెసరు. ఆ తమ్ముడే సెర్జో మత్తరెల్లా, 2015 నుంచి ఇటలీ అధ్యక్షుడు. ఒకే పార్టీలో చంపించినవాళ్ల స్నేహితులూ, చచ్చిపోయినవాళ్లూ ఉన్నారు. నాకు ఈ పార్టీ గురించి ఆలోచించినప్పుడల్లా అదే మింగుడుపడదు.

ఎర్రమందారం
పియెర్సాంతి విషయంలో మాట లేదు. ఆ మనిషికి సెల్యూట్.

సివిల్స్_విద్యార్థి
ఒకే పార్టీలో ఇంత తేడా మనుషులు ఎలా ఇమిడారు?

మిలానో_మెట్రో
ముఠాలు బ్రో. ఇక్కడ "కొర్రెంతి" అంటారు, ప్రవాహాలు అని అర్థం. యూనియన్ల ముఠా, రైతుల ముఠా, పారిశ్రామికవేత్తలకి దగ్గర ముఠా. ఒకదాని పేరు "దొరొతెయి", 1959లో రోమ్‌లో సెయింట్ దొరొతెయా కాన్వెంటులో సమావేశమయ్యారని ఆ పేరు. పార్టీకి ఓటేశాక అందులో మనకి నచ్చిన అభ్యర్థుల పేర్లు రాసే పద్ధతి ఉండేది, అందుకని ప్రతి ముఠాకీ సొంత ఓట్లు, సొంత డబ్బు కావాలి. ఉద్యోగాలు, పెన్షన్లు, కాంట్రాక్టులు పంచి ఓట్లు కట్టుకునేవాళ్లు. ప్రభుత్వాలు ఏడాది తిరక్కుండా మారేది కూడా ఇందుకే, ముఠాల లెక్క తప్పినప్పుడల్లా కేబినెట్ పడిపోయేది. మనుషులు మాత్రం వాళ్లే.

కమ్యూనిస్టుల్ని అధికారంలోకి రానివ్వకూడదని అందరి పట్టు. అంటే గెలుపు ఎప్పుడూ ఒకరిదే. 1945 నుంచి 1981 దాకా ప్రధాని కుర్చీలో డీసీ వాడు తప్ప ఇంకొకరు కూర్చోలేదు.

నర్సు_బ్రెషా
మీరంతా మగవాళ్ల పేర్లే చెబుతున్నారు. తీనా అన్సెల్మి పేరు ఒక్కరూ ఎత్తలేదు.

బ్రెంతా_ఒడ్డున గారూ, మీ బ్రెంతా నది పక్కనే బస్సానో ఊరు. 1944 సెప్టెంబర్లో అక్కడ నాజీలు, ఫాసిస్టులు కలిసి తిరుగుబాటుదార్లని రోడ్డు పక్క చెట్లకి ఉరితీసి, బడి పిల్లల్ని తీసుకొచ్చి బలవంతంగా చూపించారు. ఆ పిల్లల్లో తీనా ఒకరు, పదిహేడేళ్లు. అది చూశాక దళంలో చేరి సైకిలు మీద ఉత్తరాలు మోసింది. యుద్ధం అయ్యాక డీసీ, యూనియన్ పని. 1976లో ఇటలీ మొదటి మహిళా మంత్రి. 1977లో ఉద్యోగాల్లో ఆడా మగా సమానం అన్న చట్టం ఆవిడదే.

1978లో ఆరోగ్య మంత్రి. మే నెలలో గర్భస్రావాన్ని అనుమతించే 194వ చట్టం పార్లమెంటులో గెలిచింది. డీసీ దానికి వ్యతిరేకంగా ఓటేసింది. కానీ చట్టం మీద సంతకాలు పెట్టాల్సింది ఎవరు? ప్రధాని అంద్రెయోత్తి, ఆరోగ్య మంత్రి తీనా అన్సెల్మి, అధ్యక్షుడు లెయోనే. అందరూ డీసీయే, అందరూ కాథలిక్కులే. పెట్టారు. చర్చి ఊరుకుంటుందా? అయినా పెట్టారు. పార్లమెంటు తీర్పు అది.

అదే ఏడాది డిసెంబరులో అందరికీ ఉచిత వైద్యం ఇచ్చే జాతీయ ఆరోగ్య సేవ చట్టం, అదీ ఆవిడ చేతుల మీదుగానే. నేను పదకొండేళ్లుగా పనిచేసేది ఆ వ్యవస్థలోనే. ఏ కాగితమూ లేకుండా వచ్చిన వలస మనిషికి కూడా అత్యవసరానికి మంచం దొరుకుతుంది. నాకు ఆ పార్టీ మీద ఎన్ని కోపాలున్నా ఈ రెండు సంతకాలు మాత్రం మర్చిపోలేను.

బ్రెంతా_ఒడ్డున
బస్సానో వెళ్లాను! వంతెన మీద ఫొటోలు దిగి వచ్చేశాం. ఆ చెట్ల సంగతి తెలీదు. మళ్లీ వెళ్తాను.

మరి ప్రజలు? నాయకులు సరే, మామూలు జనం చర్చి మాట వినేవాళ్లా?

ఏలూరు_కాలువ
నర్సు గారూ, 194 సంతకం విషయం నాకు మింగుడుపడటం లేదు. నా విశ్వాసం ప్రకారం అది ప్రాణం తీయడమే. మంత్రిగా రాజీనామా చేసి ఉండొచ్చుగా?

నర్సు_బ్రెషా
చేయొచ్చు. అప్పుడు వేరేవాళ్లు సంతకం పెట్టేవాళ్లు, చట్టం ఆగేది కాదు. మీ బాధ నాకర్థమవుతుంది, మా వార్డులోనూ అలాంటి డాక్టర్లున్నారు. అదే చట్టం 9వ అధికరణ మనస్సాక్షికి విరుద్ధమైతే చేయనక్కర్లేదని డాక్టర్లకీ, నర్సులకీ హక్కిచ్చింది. ఇవాళ ఇటలీలో గైనకాలజిస్టుల్లో పదిమందిలో సుమారు ఆరుగురు ఆ హక్కు వాడుకుంటున్నారు. దానివల్ల కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు పక్క జిల్లాకి పరిగెత్తాలి, టెన్షన్ అంతా వాళ్లకే. చర్చి ప్రభావం ఇప్పుడు ఎక్కడుందంటే నేను చూపించేది అదే, పార్లమెంటులో కాదు, ఆసుపత్రి డ్యూటీ చార్టులో.

పాతపేపర్లు
బ్రెంతా_ఒడ్డున ప్రశ్నకి. జనం వినేవాళ్లా అంటే, 1974 మే 12-13 చూడండి. విడాకుల చట్టం 1970 డిసెంబరులో వచ్చింది. దాన్ని రద్దు చేయించాలని కాథలిక్ సంఘాలు సంతకాలు పోగుచేసి రిఫరెండం తెప్పించాయి. డీసీ తరఫున ఫన్‌ఫానీ దేశమంతా తిరిగాడు. బ్యాలెట్ మీద ప్రశ్న "రద్దు చేయాలా?" కాబట్టి "అవును" అంటే విడాకులు వద్దు, "కాదు" అంటే విడాకులు ఉండాలి. 87 శాతానికి పైగా ఓటేశారు. 59.3 శాతం "కాదు". అప్పటి డీసీ, చర్చిలకి అది పిడుగుపాటు. సిసిలీలో కూడా స్వల్ప తేడాతో "కాదు" గెలిచింది. మీరుండే వెనెతోలో మాత్రం "అవును"కే కాస్త మొగ్గు.

1981 మే 17న గర్భస్రావం మీద రిఫరెండం. సరిగ్గా నాలుగు రోజుల ముందు పోపు జాన్ పాల్ మీద కాల్పులు జరిగాయి. దేశమంతా ఆయన కోసం ప్రార్థించింది. ఓటు దగ్గరికొచ్చేసరికి చట్టాన్ని కుదించాలన్న కాథలిక్ ప్రతిపాదనకి పడింది 32 శాతం.

ప్రేమ వేరే, ఓటు వేరే. ఇటలీ జనం ఈ రెంటినీ విడదీసి చూడటం ఆ ఏడేళ్లలో నేర్చుకున్నారని నా నమ్మకం.

చలికోటు
మోరో సంగతి ఎవరైనా చెప్పండి. ఫొటో ఆయనదేగా.

మిలానో_మెట్రో
నేను చెబుతా. 1976 ఎన్నికల్లో డీసీకి 38.7, కమ్యూనిస్టులకి 34.4. ఇంత బలమున్నవాళ్లని శాశ్వతంగా బయట పెట్టలేం, నెమ్మదిగా దగ్గరికి తెద్దాం అన్నవాడు మోరో. 1978 మార్చి 16న, కమ్యూనిస్టుల మద్దతుతో అంద్రెయోత్తి ప్రభుత్వం విశ్వాసం కోరే రోజు, రోమ్‌లో వియా ఫాని వీధిలో రెడ్ బ్రిగేడ్స్ అనే తీవ్ర వామపక్ష సాయుధ ముఠా వాళ్లు ఐదుగురు అంగరక్షకుల్ని చంపి మోరోని ఎత్తుకుపోయారు. 55 రోజులు. లోపలినుంచి ఉత్తరాలు రాశాడు, నన్ను విడిపించండి, బేరమాడండి అని. సొంత పార్టీ బేరం కుదరదంది. ఆరో పాల్ పోపు రెడ్ బ్రిగేడ్స్‌కి స్వయంగా ఉత్తరం రాశారు, ఏ షరతులూ లేకుండా వదిలేయమని వేడుకుంటూ. వాళ్లిద్దరిదీ కాథలిక్ విద్యార్థి సంఘం రోజుల నాటి పరిచయం. మే 9న ఎర్ర రెనో కారు డిక్కీలో శవం దొరికింది. కారు పెట్టిన వీధి డీసీ ఆఫీసుకీ, కమ్యూనిస్టు పార్టీ ఆఫీసుకీ దగ్గర్లోనే.

కుటుంబం ప్రభుత్వ లాంఛనాలు వద్దంది, నాయకులెవరూ రావద్దంది. రోమ్‌లో శవం లేకుండానే ప్రభుత్వం పూజ చేయించింది, ముసలి పోపు వచ్చి కూర్చున్నారు. ఆగస్టులో ఆయనా పోయారు.

నర్సు_బ్రెషా
ఆ పోపు మా బ్రెషా పక్క ఊరు కొంచేజో మనిషి. ఆయన తండ్రి స్తుర్జో పార్టీ నుంచి పార్లమెంటు సభ్యుడు. ఇక్కడ పెద్దవాళ్లు ఆయన్ని ఇప్పటికీ ఇంటిపేరుతో "మా మొంతీని" అనే అంటారు.

ఎర్రమందారం
కమ్యూనిస్టు పార్టీ కూడా బేరం వద్దనే అంది. అందరికంటే గట్టిగా. ఆ ఉత్తరాలు చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సివిల్స్_విద్యార్థి
చివరికి పార్టీ ఎలా పోయింది? ఒక్క పేరాలో చెప్పండి ప్లీజ్.

మిలానో_మెట్రో
1989లో బెర్లిన్ గోడ కూలింది, కమ్యూనిస్టుల భయం చూపించి ఓట్లడిగే వీలు పోయింది. 1992 ఫిబ్రవరి 17న మిలాన్‌లో వృద్ధాశ్రమం అధిపతి మారియో కియేజా లంచం తీసుకుంటూ దొరికాడు. ఆయన సోషలిస్టు. ఆ తీగ లాగితే అన్ని పార్టీల డొంకా కదిలింది. డీసీ కంచుకోట వెనెతోలో ఓట్లు ఉత్తరాది లీగ్‌కి పోయాయి. 1994 జనవరి 18న, స్తుర్జో పార్టీ పెట్టి సరిగ్గా 75 ఏళ్లకి, అప్పటి పార్టీ కార్యదర్శి మార్తినాజోలి డీసీని మూసి అదే పాత పేరుతో పార్టీ పెట్టాడు. అదీ ముక్కలైంది. కొందరు ఎడమవైపు వెళ్లి, తర్వాత ప్రధాని అయిన ప్రోదితో కలిశారు, వాళ్లే తర్వాత డెమోక్రటిక్ పార్టీలో ఒక భాగం. కొందరు బెర్లుస్కోని వైపు.

ఏలూరు_కాలువ
పార్టీ పోయింది సరే, చర్చి ప్రభావం?

మిలానో_మెట్రో
ఏటా పన్ను ఫారం నింపేటప్పుడు నాకు ఎదురవుతుంది. 1984లో సోషలిస్టు ప్రధాని క్రాక్సీ వాటికన్‌తో ఒప్పందం మార్చుకున్నాడు, కాథలిక్ మతం ప్రభుత్వ మతం కాకుండా పోయింది. ఫాదర్లకి ప్రభుత్వం ఇచ్చే జీతం బదులు "వెయ్యికి ఎనిమిది" పద్ధతి వచ్చింది. నా ఆదాయ పన్నులో వెయ్యికి ఎనిమిది యూరోలు కాథలిక్ చర్చికా, ప్రభుత్వానికా, వాల్దెన్సియన్లు అనే ప్రొటెస్టంట్లకా అని గడిలో సంతకం పెట్టాలి. సగం మందికి పైగా ఎక్కడా పెట్టరు. వాళ్ల వాటాని పెట్టినవాళ్ల నిష్పత్తిలోనే పంచుతారు. అందుకే చర్చికి ఏటా దాదాపు వంద కోట్ల యూరోలు అందుతాయి. అందులో కొంత బీద దేశాల్లో బడులకి, ఆసుపత్రులకి వెళ్తుంది, ఇండియాకి కూడా. నేను సంతకం పెడతాను, నేను హిందువునే. మా వీధిలో ఆకలిగా వచ్చినవాడికి కారితాస్ అనే చర్చి సేవా సంస్థ వాళ్లు అన్నం పెట్టడం కళ్లారా చూశాను కాబట్టి.

నర్సు_బ్రెషా
నాకు ఎదురయ్యేది బడిలో. వారం వారం కాథలిక్ మతం పాఠం ఉంటుంది, అడ్మిషన్ అప్పుడే కావాలో వద్దో రాయాలి. పంతులికి జీతం ప్రభుత్వానిది, అర్హత సర్టిఫికెట్ బిషప్‌ది. మా పాప వద్దంది. మొదటి ఏడాది ఆ గంటలో వేరే క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు, ఏ పాఠమూ లేదు. వెళ్లి అడిగాక రెండో ఏడాది నుంచి టీచర్ని ఇచ్చారు. హక్కు కాగితం మీద ఉంది, దాన్ని అడిగి తెచ్చుకోవాలి.

గోడ మీద సిలువ కూడా ఉంది. దాని మీద కేసు మీ పాదోవా పక్కన అబానో తెర్మే బడి నుంచే యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లింది. 2009లో ఇటలీ ఓడింది, 2011లో పెద్ద ధర్మాసనం దగ్గర 15-2తో గెలిచింది.

పాతపేపర్లు
డీసీ పోయాక చర్చి పార్టీలకి అతీతంగా నేరుగా మాట్లాడటం మొదలుపెట్టింది. కార్డినల్ రుయీని కాలం అది. 2005లో కృత్రిమ గర్భధారణ చట్టం మీద రిఫరెండం వస్తే "ఓటే వేయకండి" అన్నారు. 50 శాతం రాకపోతే చెల్లదు. 26 శాతం కూడా రాలేదు. నెగ్గారు. 2016లో చిన్నప్పుడు కాథలిక్ స్కౌట్‌గా పెరిగిన రెంజీ ప్రధానిగా స్వలింగ జంటల చట్టం తెస్తే ఆపలేకపోయారు. 2021లో స్వలింగుల మీద ద్వేషాన్ని నేరం చేసే జాన్ బిల్లు మీద వాటికన్ ఏకంగా దౌత్య లేఖ పంపింది. జెసూయిట్ బడిలో చదివిన అప్పటి ప్రధాని ద్రాగి సెనేట్‌లో లేచి మాది లౌకిక రాజ్యం అన్నాడు. బిల్లు మాత్రం సెనేట్‌లో ఆగిపోయింది.

ఎర్రమందారం
లీగ్ నాయకుడు సాల్వీని ర్యాలీలో జపమాల ముద్దు పెట్టుకుంటాడు, 2022లో ప్రధాని అయిన మెలోని "నేను క్రైస్తవురాలిని" అని మైకులో అరుస్తుంది. డీసీ వాళ్లు ఇలా చేసేవాళ్లు కాదని ఒప్పుకుంటున్నా.

ఏలూరు_కాలువ
జపమాల చేతిలో పట్టుకుని వలస పడవల్ని వెనక్కి పంపమంటే ఎలా? అక్కడి బిషప్‌లే తప్పుబట్టారు. మా తెలుగు ఫాదర్లు, సిస్టర్లు ఎంతమంది ఇటలీలో సేవ చేస్తున్నారో, వాళ్లూ వలసవచ్చినవాళ్లే.

బ్రెంతా_ఒడ్డున
మీరు రాసినవన్నీ రెండుసార్లు చదివి నిన్న రాత్రి ఇంటావిడ దగ్గర కూర్చున్నా. నా ఇటాలియన్ అంతంతమాత్రం, అర్థమైనంత రాస్తున్నా.

1974లో ఎవరికి వేశారని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. విచారణ ఫాదరు "అవును" వేయమన్నాడు, ఆయన (భర్త) "అవును" వేశాడు, వీధి వీధంతా "అవునే"నట. ఆవిడ "కాదు" వేసింది. ఆవిడ అక్క మొగుడు 1961లో పనికోసం స్విట్జర్లాండ్ వెళ్లాడు. రెండేళ్లు డబ్బు పంపాడు. తర్వాత అక్కడ ఇంకో సంసారం, ఇద్దరు పిల్లలు. అక్క ఇక్కడ పెళ్లైనదీ కాదు, వితంతువూ కాదు. పన్నెండేళ్లు నల్లబట్టల్లో ఉండిపోయింది. విడాకుల చట్టం వచ్చాక కాగితాలు వేసింది, ఇంతలో రిఫరెండం. "మా అక్క కాగితాలు చించెయ్యమని నేనెలా ఓటేస్తాను?" అంది.

భర్తకి చెప్పలేదట. ఆయన తెలియకుండానే పోయాడు. పాపసంకీర్తనంలో, అంటే ఫాదరు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, చెప్పారా అని అడిగాను. "పాపమైతే చెప్పేదాన్ని" అంది.

1976లో మళ్లీ డీసీకే వేసింది. మోరో కోసం.

తర్వాత లేచి వెళ్లి బీరువాలోంచి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చింది. అందులో పార్టీ సభ్యత్వ కార్డులు, ఏటికొకటి, తెల్ల డాలు మీద ఎర్ర సిలువ, మధ్యలో "లీబెర్తాస్". చివరిది 1992ది. ఏటా చలికాలంలో గుడి దగ్గర ఉండే ఒకాయన ఇంటికొచ్చి డబ్బులు తీసుకుని కార్డిచ్చి కాఫీ తాగి వెళ్లేవాడట. 1993లో రాలేదు. ఆవిడ కాఫీ పెట్టి ఎదురుచూసింది.

నర్సు_బ్రెషా
ఆ అక్క?

బ్రెంతా_ఒడ్డున
1975లో విడాకులు వచ్చాయి. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. విచెంజాలో బట్టల కొట్టు పెట్టుకుని పెద్ద వయసు దాకా నడిపింది.

ఎర్రమందారం
ఆవిడకి నా నమస్కారం చెప్పండి. ఖమ్మం నుంచి ఒక కమ్యూనిస్టు చెప్పాడని చెప్పండి.

పాతపేపర్లు
ఆ కార్డులు ఫొటో తీసి పెట్టగలరా? పేరు, నంబరు కనబడకుండా. వెనకవైపు కూడా తీయండి, ఏం అచ్చువేశారో చూడాలి.

బ్రెంతా_ఒడ్డున
అడుగుతాను మాస్టారూ. ఆదివారం పూజనుంచి వచ్చాక మంచి మూడ్‌లో ఉంటుంది, అప్పుడు.